2 శాతం అన్నారు, 3.45 ఎలా అయింది? కార్డు మెషిన్ చార్జీల మీద పాఠకుల ప్రశ్నలు

పోయిన సంచికలో చిన్న వ్యాపారాల ఖర్చుల గురించి రాస్తూ చివర్లో, కార్డు మెషిన్ చార్జీల మీద డౌట్లుంటే పంపండి అని ఒక్క వాక్యం పెట్టాను. ఇన్ని వస్తాయనుకోలేదు. సగానికి సగం ఉత్తరాల్లో ఒకటే గొడవ, చెప్పిందొకటి కోసిందొకటి అని. కొందరు స్టేట్‌మెంట్ ఫోటోలు కూడా పంపారు, అది మంచి పని చేశారు, లేకపోతే గుడ్డిగా జవాబు చెప్పాల్సి వచ్చేది. ఒకే రకం ప్రశ్నల్ని కలిపేశాను. దేశాన్ని బట్టి డబ్బు పేరు మారుతుంది కాబట్టి లెక్కలన్నీ ఉత్త అంకెల్లోనే చేశాను, మీ డబ్బు పేరు మీరు తగిలించుకోండి.

ప్రశ్న: నేను బట్టలు కుట్టి అమ్ముతాను. 2 శాతమే చార్జీ అని చెప్పి మెషిన్ ఇచ్చారు. నెలాఖరున కూర్చుని లెక్కేస్తే దాదాపు మూడున్నర శాతం పోతోంది. స్టేట్‌మెంట్ పంపుతున్నాను. నన్ను మోసం చేస్తున్నారా?

జవాబు: మోసం అనలేను. మీరు సంతకం పెట్టిన కాగితంలో ఇవన్నీ ఉండే ఉంటాయి, కాకపోతే అమ్మడానికి వచ్చిన మనిషి అందులో ఒక్క అంకె మాత్రమే పైకి చదివాడు.

మీ స్టేట్‌మెంట్‌లో ఉన్నదే చెప్తాను. నెలలో కార్డు అమ్మకం 2,00,000. దాని మీద 2 శాతం అంటే 4,000. ఇక్కడిదాకా అతను చెప్పింది నిజమే. కార్డు పెట్టిన ప్రతిసారీ 2 చొప్పున విడిగా ఒక చార్జీ ఉంది, మీకు 800 బిల్లులు అయ్యాయి, అది 1,600. మెషిన్ అద్దె 600. నెలవారీ సర్వీసు చార్జీ 300. అడుగున చిన్న అక్షరాల్లో భద్రతా నిబంధనలు పూర్తి చేయనందుకు అని ఇంకో 400. మొత్తం 6,900. దాన్ని 2,00,000తో భాగించి వందతో గుణిస్తే 3.45 శాతం. ఇదీ మీ అసలు రేటు. ఈ ఫీజుల మీద పన్ను వేసే దేశంలో ఉంటే అదీ కలపాలి. ఎవరు ఏ రేటు చెప్పినా సరే, మీరు మాత్రం ప్రతి నెలా ఈ ఒక్క భాగహారం చేసుకోండి, మొత్తం కోత కింద మొత్తం కార్డు అమ్మకం. కంపెనీలను పోల్చాలన్నా, బేరమాడాలన్నా పనికొచ్చే అంకె ఇదే.

ఇక ఆ 2 శాతం ఎవరి జేబులోకి పోతుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే అందులో తగ్గేది కొంచెమే, మిగతాదాని గురించి ఎంత వాదించినా గొంతు నొప్పే మిగులుతుంది. కస్టమర్ మీ దగ్గర కార్డు పెట్టగానే నాలుగు చేతులు కదులుతాయి. కస్టమర్‌కి కార్డు ఇచ్చిన బ్యాంకు, మీకు మెషిన్ ఇచ్చిన బ్యాంకు లేదా కంపెనీ, ఈ ఇద్దరి మధ్య తీగలాగా వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్, చివర్న మీరు. మీ దగ్గర కోసిన దాంట్లో పెద్ద వాటా సాధారణంగా కార్డు ఇచ్చిన బ్యాంకుకే పోతుంది, దాన్ని ఇంటర్‌చేంజ్ అంటారు. అది ఎంతుండాలో మీ మెషిన్ కంపెనీ నిర్ణయించదు, నెట్‌వర్క్ పట్టిక వేస్తుంది, కొన్ని దేశాల్లో ప్రభుత్వమే ఇంతకు మించకూడదని పరిమితి పెడుతుంది. రెండోది నెట్‌వర్క్ తన కోసం తీసుకునే చిన్న వాటా. మూడోది మెషిన్ ఇచ్చినవాళ్లు పైన వేసుకునే లాభం. అద్దె, నెలవారీ చార్జీ, బిల్లుకింత అనేవి కూడా దాదాపుగా ఈ మూడో వాటా కిందికే వస్తాయి.

మొదటి రెండూ, ఒకే రకం కార్డు మీద, మీకూ మీలాంటి వ్యాపారమే చేసే పక్క షాపువాళ్లకూ ఒకేలా పడతాయి. మీరు పట్టుకోగలిగింది మూడోదాన్ని. మీ 6,900లో ఆ 400, 600, 300, 1,600, ఈ నాలుగు గీతల మీద కూర్చోండి ముందు. 400 సంగతి వెంటనే తేలిపోతుంది, ఎలాగో కింద ఇంకో జవాబులో రాశాను.

ప్రశ్న: స్టేషనరీ షాపు. నావన్నీ చిన్న బిల్లులే. కార్డు మీద మిగిలేదేమీ లేదనిపిస్తోంది. కార్డుకి కనీసం ఇంత కొనాలి అని బోర్డు పెట్టొచ్చా?

జవాబు: మీకనిపించింది నిజమే. శాతం పెద్దగా బాధించదు, బిల్లుకింత అనే స్థిరమైన చార్జీ ఉంటుందే, చిన్న వ్యాపారాన్ని తినేది అదీ. మీ రేటు రెండున్నర శాతం, పైన బిల్లుకి 3 అని రాశారు. 60 బిల్లు మీద శాతం ఒకటిన్నర, దానికి 3 కలిపితే నాలుగున్నర, అంటే ఏడున్నర శాతం పోయినట్టు. అదే 2,000 బిల్లయితే 50కి 3 కలిపి 53, రెండు ముప్పావు కూడా దాటలేదు. ఒకే మెషిన్, ఒకే రేటు, ఒకే షాపు. మీలాంటి వాళ్లు శాతం కాస్త ఎక్కువైనా పర్వాలేదు, బిల్లుకింత అనేది లేని ప్లాన్ వెతుక్కోవాలి. సగటు బిల్లు ఎంతో తెలియకుండా ఏ ప్లాన్ మంచిదో ఎవరూ చెప్పలేరు, చెప్పారంటే వాళ్లకి కమీషన్ వస్తోందన్నమాట.

బోర్డు సంగతి మీరున్న దేశం చట్టం, నెట్‌వర్క్ నిబంధనలు రెండూ చూడాలి. అమెరికాలో 2010లో వచ్చిన చట్టం ప్రకారం క్రెడిట్ కార్డుకి 10 డాలర్ల దాకా కనీస కొనుగోలు పెట్టుకోవచ్చు, డెబిట్ కార్డుకి మాత్రం ఆ వెసులుబాటు లేదు. చాలామంది షాపువాళ్లు ఈ తేడా తెలియక రెండింటికీ ఒకటే బోర్డు తగిలిస్తారు. ఒప్పందంలో దీని గురించి ఏం రాసుందో చూడకుండా మాత్రం బోర్డు రాయించకండి.

ప్రశ్న: ఒకేరోజు ఇద్దరు కస్టమర్లు సరిగ్గా ఒకే మొత్తం కట్టారు. ఒకరి మీద తక్కువ కోశారు, ఇంకొకరి మీద ఎక్కువ. ఇదేం లెక్క?

జవాబు: కార్డులు వేరు కాబట్టి. ఒకటి మామూలు డెబిట్ కార్డు అయ్యుంటుంది, ఇంకొకటి పాయింట్లు, క్యాష్‌బ్యాక్, ఎయిర్‌పోర్ట్ లాంజ్ లాంటివన్నీ ఉన్న క్రెడిట్ కార్డు. ఆ పాయింట్లకు డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందనుకున్నారు? చాలావరకు ఇంటర్‌చేంజ్ నుంచే, అంటే మీలాంటి షాపుల దగ్గర కోసిన దాంట్లోంచే. అందుకే హంగులున్న కార్డుకి, కంపెనీల పేరు మీద ఇచ్చే కార్డుకి ఇంటర్‌చేంజ్ ఎక్కువగా ఉంటుంది. వేరే దేశంలో ఇచ్చిన కార్డయితే దానికి విడిగా ఇంకో చార్జీ పడుతుంది. మీ వ్యాపారం ఏ రకందో చెప్పే నాలుగంకెల కోడ్ ఒకటుంటుంది, దాన్నిబట్టి కూడా రేటు మారొచ్చు. ఆ కోడ్ తప్పుగా పడిన వాళ్లను నేను చూశాను, చేసేది ఒక వ్యాపారం, కాగితాల్లో ఇంకోటి, నెలనెలా ఎక్కువ కట్టేస్తూ ఉంటారు. మెషిన్ ఇచ్చినవాళ్లకి ఫోన్ చేసి మా కేటగిరీ కోడ్ ఎంత అని అడగండి, రెండు నిమిషాల పని.

ప్రశ్న: ఫోన్‌లో ఆర్డర్లు తీసుకుంటాం. కస్టమర్ కార్డు నంబర్ చెప్తే మెషిన్‌లో కొడతాం. వీటి మీద చార్జీ ఎక్కువ పడుతోంది. రెగ్యులర్ కస్టమర్ల నంబర్లు, వెనక ఉండే మూడంకెలతో సహా, ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకున్నాం కాబట్టి పని సులువుగానే ఉంది, చార్జీ తగ్గే దారి ఉందా?

జవాబు: చార్జీ సంగతి తర్వాత. ముందు ఆ నోట్‌బుక్‌ని ముక్కలు చేసి పారేయండి. ఇవాళే.

వెనక ఉండే ఆ మూడంకెల్ని పేమెంట్ అయిపోయాక ఎక్కడా దాచకూడదు, కంప్యూటర్‌లోనే కాదు, కాగితం మీద కూడా. ఇది పీసీఐ డీఎస్ఎస్ అనే భద్రతా ప్రమాణంలో ఉన్న నిబంధన. వీసా, మాస్టర్‌కార్డ్, అమెరికన్ ఎక్స్‌ప్రెస్, డిస్కవర్, జేసీబీ కలిసి 2006లో ఒక మండలి పెట్టుకున్నాయి, ఆ ప్రమాణాన్ని చూసేది అదే. కార్డులు తీసుకునే ప్రతి వ్యాపారానికీ, చిన్నదైనా పెద్దదైనా, ఇది వర్తిస్తుంది. ఆ పుస్తకం ఎవరి చేతికైనా చిక్కి నాలుగు కార్డుల్లో దొంగ కొనుగోళ్లు జరిగాయంటే మీ మెషిన్ పోవడం ఒక్కటే కాదు, ఖర్చులు, జరిమానాలు మీ మెడకు చుట్టుకుంటాయి.

ఇప్పుడు చార్జీ. కార్డు మీ ఎదురుగా లేనప్పుడు మోసం జరిగే అవకాశం ఎక్కువ, అందుకే నంబర్ కొట్టి తీసుకున్న పేమెంట్‌కి రేటు ఎక్కువ ఉంటుంది. చిప్ పెట్టినా, మెషిన్‌కి ఆనించినా తక్కువ. (కార్డు గీకడం అని ఇప్పటికీ అంటున్నాం గానీ గీకేవాళ్లు ఎక్కడున్నారు, ఆనిస్తున్నారంతే.) గీకడం గురించి ఇంకోమాట. చిప్ ఉన్న కార్డుని చిప్ చదవలేని పాత మెషిన్ మీద గీకించి, అది నకిలీ కార్డని తర్వాత తేలితే నష్టం షాపు వైపే వచ్చి పడుతుంది. అమెరికాలో చాలా షాపులకు ఈ పద్ధతి 2015 అక్టోబర్ నుంచి మొదలైంది, చాలా దేశాల్లో అంతకు ముందే వచ్చింది. ఫోన్ ఆర్డర్లకైతే కస్టమర్‌కి పేమెంట్ లింక్ పంపండి. నంబర్ వాళ్లే కొడతారు, మీ చేతికి అంటదు. రేటు కొంత తగ్గొచ్చు, తగ్గకపోయినా ఆ నోట్‌బుక్ బాధ పోతుంది, ఎదురుగా లేని పేమెంట్ల మీద గొడవొస్తే మీ దగ్గర రికార్డు కూడా ఉంటుంది.

ప్రశ్న: భద్రతా నిబంధనలు పాటించలేదని నెలకింత కోస్తున్నారు. మా దగ్గర ఉన్నది ఒక్క మెషిన్. ఏం పాటించాలి?

జవాబు: మొదటి జవాబులో చెప్పిన 400 ఇదే. పైన చెప్పిన ప్రమాణం కింద ఏడాదికోసారి ఒక ప్రశ్నావళి నింపి పంపాలి. చిన్న వ్యాపారాలు తమకు తాముగా నింపుకునేదే, ఆడిటర్ రానక్కర్లేదు. అది నింపలేదు కాబట్టి జరిమానాలాగా నెలనెలా కోస్తున్నారు. మెషిన్ ఇచ్చినవాళ్ల సైట్‌లో లాగిన్ అయితే ఉంటుంది, లేదా అడిగితే పంపుతారు. ఒక్క మెషిన్ ఉండి, కార్డు నంబర్లు ఎక్కడా దాచనివాళ్లకి వచ్చే ప్రశ్నావళి చిన్నది. ఒక మధ్యాహ్నం కూర్చుంటే అయిపోతుంది. ఇంతమంది ఏళ్ల తరబడి ఈ డబ్బు ఎందుకు కడుతున్నారంటే, ఆ పేరు చూడగానే అదేదో కంప్యూటర్ వాళ్ల వ్యవహారం అనుకుని టెన్షన్ పడి వదిలేస్తారు, కోసేవాళ్లకు కూడా గుర్తు చేయాల్సిన తొందరేమీ ఉండదు కదా.

ప్రశ్న: మూడు కంపెనీల వాళ్లు వచ్చారు. ఒకరు ఏ కార్డయినా 2.7 శాతం అన్నారు. ఇంకొకరు ఇంటర్‌చేంజ్ ప్లస్ 0.3 అని, నెలకు 1,000 అన్నారు. మూడో ఆయన 1.6 నుంచి మొదలు అన్నాడు. మూడోదే చౌక కదా?

జవాబు: ఆ "నుంచి మొదలు" అన్న మాట దగ్గరే ఆగండి. మూడో ఆయనది అంచెల పద్ధతి. కార్డుల్ని రెండు మూడు బుట్టల్లో వేస్తారు, మొదటి బుట్టకి 1.6, రెండో దానికి ఎక్కువ, మూడో దానికి ఇంకా ఎక్కువ. ఏ కార్డు ఏ బుట్టలో పడాలో నిర్ణయించేది ఆయనే. మీకు చెప్పింది మొదటి బుట్ట రేటు, పాయింట్ల కార్డులన్నీ వెళ్లేది చివరి బుట్టలోకి. నాకు ఈ పద్ధతంటే పడదు, స్టేట్‌మెంట్ ఎంతసేపు చూసినా బ్యాంకుకి ఎంత పోయింది, వాళ్లు ఎంత ఉంచుకున్నారు అనేది తేలదు. తీసుకోవద్దనే చెప్తాను.

మిగతా రెండింట్లో ఏది అనేది మీ అమ్మకాన్ని బట్టి ఉంటుంది. ఇంటర్‌చేంజ్ ప్లస్ అంటే అసలు ఖర్చు ఎంతయితే అంత, దాని మీద మా లాభం ఇంత అని విడిగా చూపిస్తారు. మీ దగ్గరికొచ్చే కార్డుల మీద ఇంటర్‌చేంజ్, నెట్‌వర్క్ వాటా కలిపి సగటున 1.7 శాతం పడుతోందనుకుందాం, ఇది లెక్క కోసం వేసుకున్న అంకె మాత్రమే. అప్పుడు రెండో కంపెనీ దగ్గర 2 శాతం, పైన నెలకు 1,000. మొదటి కంపెనీ దగ్గర 2.7, ఇంకేం లేదు. తేడా 0.7 శాతం. ఆ 0.7 శాతం 1,000కి సమానం కావాలంటే నెలకు సుమారు 1,43,000 కార్డు అమ్మకం ఉండాలి. అంతకు తక్కువ అమ్మేవాళ్లకి మొదటిదే నయం, ఎక్కువ అమ్మేవాళ్లకి రెండోది. సీజన్‌లో మాత్రమే నడిచే వ్యాపారాలకి కూడా నెలవారీ చార్జీ లేనిదే మేలు, షాపు మూసిన నెలల్లో కూడా ఆ 1,000 కడుతూ కూర్చోవడం ఎందుకు.

అన్నిటికీ ఒకటే రేటు అనే పద్ధతిలో ఒక లోటుంది, అది చాలామందికి తట్టదు. ఇంటర్‌చేంజ్ తగ్గినా మీ రేటు తగ్గదు. యూరోపియన్ యూనియన్‌లో 2015 డిసెంబర్ నుంచి వ్యక్తులు వాడే డెబిట్ కార్డుల మీద ఇంటర్‌చేంజ్ 0.2 శాతం, క్రెడిట్ కార్డుల మీద 0.3 శాతం దాటకూడదు. అమెరికాలో 2011 అక్టోబర్ నుంచి పెద్ద బ్యాంకుల డెబిట్ కార్డుల మీద 21 సెంట్లు, దానికి తోడు బిల్లులో 0.05 శాతం, మోసాల నివారణకు ఇంకో సెంటు, ఇదీ గరిష్ఠం. క్రెడిట్ కార్డుల మీద అక్కడ అలాంటి పరిమితి లేదు. ఇండియాలో 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుల మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్, అంటే ఈ కార్డు చార్జీ, తీసుకోకూడదని పెట్టారు. ఇంటర్‌చేంజ్ మీద పరిమితి వచ్చినప్పుడు ఇంటర్‌చేంజ్ ప్లస్‌లో ఉన్నవాళ్లకి ఆ తగ్గుదల అదే నెల కనిపిస్తుంది. ఒకటే రేటులో ఉన్నవాళ్లకి కంపెనీ తనంతట తాను తగ్గిస్తేనే వస్తుంది, లేకపోతే ఆ మిగులు వాళ్ల దగ్గరే ఉండిపోతుంది. మీ కస్టమర్లలో ఎక్కువమంది డెబిట్ కార్డు వాడుతుంటే దీన్ని గట్టిగా చూసుకోండి.

ప్రశ్న: ఈ చార్జీని కార్డు వాడినవాళ్ల దగ్గరే వసూలు చేస్తే పోదా? క్యాష్ ఇచ్చేవాళ్లు ఎందుకు మోయాలి?

జవాబు: న్యాయంగా చూస్తే మీ మాటలో బలముంది. కానీ చాలాచోట్ల కుదరదు. యూరోపియన్ యూనియన్‌లో 2018 జనవరి నుంచి వ్యక్తుల వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి కార్డుల మీద పైన చార్జీ వేయడం నిషేధం, బ్రిటన్‌లో కూడా అప్పుడే ఆపేశారు. ఆస్ట్రేలియా 2003లో దీన్ని అనుమతించింది, కొందరు దీన్నే అదనపు ఆదాయం చేసుకున్నారని గొడవలయ్యాక, అసలు ఖర్చుకి మించి వేయకూడదని 2016లో చట్టం తెచ్చింది. అమెరికాలో 2013 నుంచి వీసా, మాస్టర్‌కార్డ్ క్రెడిట్ కార్డుల మీద వేసుకోవచ్చు, అదీ కొన్ని షరతులతో, కొన్ని రాష్ట్రాల చట్టాలు వేరు, డెబిట్ కార్డు మీద మాత్రం వేయకూడదు. ఈ నిబంధనలు మారుతూ ఉంటాయి, బోర్డు పెట్టే రోజు ఏముందో చూసుకోండి.

చట్టం ఒప్పుకున్నా నేనైతే తొందరపడను. కస్టమర్ 1,000 వస్తువుకి కార్డు తీసి, పైన ఇరవై అనగానే మొహం మాడ్చుకుంటాడు, వస్తువు ధరే 1,020 అని ఉంటే కిక్కురుమనకుండా కట్టి వెళ్తాడు. క్యాష్ ఇచ్చేవాళ్లకి కాస్త తగ్గించడం చాలా దేశాల్లో కుదురుతుంది, లెక్క ఒకటే అయినా వినడానికి తేడాగా ఉంటుంది. అన్నట్టు క్యాష్ కూడా ఉచితమేం కాదు, లెక్కపెట్టడం, చిల్లర వెతకడం, బ్యాంకుకి మోసుకెళ్లడం, సాయంత్రానికి గల్లాలో తక్కువ రావడం, ఇవి ఏ స్టేట్‌మెంట్‌లోనూ రావు కాబట్టి మనం లెక్కేయం.

ప్రశ్న: కస్టమర్ వస్తువు తిరిగి ఇచ్చేస్తే డబ్బు మొత్తం వెనక్కి వేశాం. మా దగ్గర కోసిన చార్జీ మాత్రం వెనక్కి రాలేదు. ఇంకో కేసులో వస్తువు ఇచ్చిన రెండు నెలలకి, నేను కొనలేదు అని బ్యాంకుకి చెప్పి కస్టమర్ డబ్బు లాగేసుకున్నాడు, పైన మాకే ఫీజు వేశారు!

జవాబు: రెండూ వేర్వేరు విషయాలు. రిఫండ్‌లో చార్జీ వెనక్కి ఇవ్వని కంపెనీలు చాలా ఉన్నాయి, ఒప్పందంలో ఆ ముక్క రాసే ఉంటుంది. అదే రోజు, లెక్క బ్యాంకుకి వెళ్లకముందే కస్టమర్ వెనక్కి వస్తే రిఫండ్ చేయకండి, మెషిన్‌లో వాయిడ్ అని ఉంటుంది, అది నొక్కండి. అప్పుడు ఆ లావాదేవీయే రద్దవుతుంది, శాతం చార్జీ పడదు, మహా అయితే బిల్లుకింత అనేది పడుతుంది. కౌంటర్‌లో కూర్చునే పిల్లలకి ఈ తేడా నేర్పించండి, ఎందుకో గానీ అందరూ రిఫండే నొక్కుతారు.

రెండోది చార్జ్‌బ్యాక్. కస్టమర్ తన బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే డబ్బు మీ ఖాతాలోంచి వెనక్కి పోతుంది, గెలిచినా ఓడినా విచారణ ఫీజు పడే ఒప్పందాలు ఎక్కువ. వీసా, మాస్టర్‌కార్డ్‌లలో చాలా రకాల ఫిర్యాదులకు 120 రోజుల దాకా గడువు ఉంటుంది, కాబట్టి రెండు నెలలు అనేది వాళ్ల లెక్కలో ఆలస్యమే కాదు. మీకు మాత్రం జవాబివ్వడానికి చాలా తక్కువ రోజులిస్తారు. ఆ మెయిల్ వచ్చిన రోజే చూడాలి, గడువు దాటితే మీ వైపు ఎంత న్యాయం ఉన్నా ఓడిపోయినట్టే. బిల్లు, డెలివరీ సంతకం, కస్టమర్‌తో నడిచిన మెసేజ్‌లు, ఇవన్నీ కనీసం ఆరు నెలలు దాచండి. ఇంకోటి, కార్డు స్టేట్‌మెంట్‌లో మీ షాపు పేరు ఎలా పడుతుందో ఎప్పుడైనా చూశారా? మీ సొంత కార్డుతో చిన్న మొత్తం పెట్టి చూడండి. షాపు బోర్డు మీద ఒక పేరు, స్టేట్‌మెంట్‌లో రిజిస్ట్రేషన్ నాటి ఇంకేదో పేరు ఉంటే, పాపం నిజంగానే కొన్నవాడు కూడా ఇదెవరో నాకు తెలియదని ఫిర్యాదు చేస్తాడు. పేరు మార్పించడం కష్టం కాదు.

ప్రశ్న: రోజూ బ్యాంకులో పడే డబ్బుకీ మా బిల్లులకీ పొంతన కుదరదు.

జవాబు: కోసుకుని మిగతాది వేస్తున్నారు కాబట్టి. 1,000 అమ్మితే 980 పడుతుంది. మీరు పుస్తకంలో 980 అమ్మకం అని రాస్తున్నారేమో, అలా రాయకూడదు. అమ్మకం 1,000, ఖర్చు 20. లేకపోతే ఏడాది చివర్లో అమ్మకం తక్కువ కనిపిస్తుంది, చార్జీలు ఎంత పోయాయో అసలు కనిపించవు. పూర్తి మొత్తం వేసి నెలకోసారి చార్జీ విడిగా కోసే పద్ధతి మీ కంపెనీలో ఉందేమో అడగండి, లెక్కలు రాసేవాళ్లకి ప్రాణం లేచొస్తుంది. ఒక్క జాగ్రత్త, ఆ కోత పడే రోజుకి ఖాతాలో డబ్బు ఉండాలి.

ప్రశ్న: మెషిన్ వద్దు తీసుకెళ్లండి అంటే ఇంకా మూడేళ్ల అద్దె కట్టాలంటున్నారు.

జవాబు: కార్డు సర్వీసు ఒప్పందం ఒకటి, మెషిన్ లీజు ఇంకొకటి, రెండింటి మీదా ఒకేసారి కూర్చోబెట్టి సంతకం పెట్టించుకుని ఉంటారు. మొదటిది రద్దయినా రెండోది నడుస్తూనే ఉంటుంది, మధ్యలో రద్దు చేయడానికి వీల్లేదని రాసుంటుంది. ఒకసారి నా దగ్గరికొచ్చిన ఒక ఫోటో స్టూడియో ఆయన లీజు లెక్కేస్తే, నాలుగేళ్లలో కట్టిన అద్దెతో అలాంటి మెషిన్లు ఏడెనిమిది కొనొచ్చని తేలింది, ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. లీజు కాగితంలో ముందే కట్టేసి బయటపడే మొత్తం ఎంతో ఉంటుంది, మిగిలిన అద్దెతో పోల్చి చూడండి. ఇంకా సంతకం పెట్టనివాళ్లకి నేను చెప్పేది ఒకటే, కొనుక్కోండి, లేదా నెల నోటీసుతో వదిలించుకునే అద్దె తీసుకోండి. కొనేముందు అది వేరే కంపెనీ దగ్గర కూడా పనిచేస్తుందా అని అడగండి, చాలా మెషిన్లు ఇచ్చినవాళ్లకే తాళం వేసి ఉంటాయి.

ప్రశ్న: ఫోన్ చేసి తగ్గించమంటే నిజంగా తగ్గిస్తారా? ఏమని అడగాలి?

జవాబు: ఊరికే ఎక్కువగా ఉంది తగ్గించండి అంటే ఇంటర్‌చేంజ్ మా చేతిలో లేదండి అని తప్పించుకుంటారు, అందులో అబద్ధం కూడా లేదు. కాబట్టి దాని జోలికి వెళ్లకండి. మూడు నెలల స్టేట్‌మెంట్లు ముందు పెట్టుకుని, నెల అమ్మకం, సగటు బిల్లు, మీ అసలు రేటు రాసుకుని ఫోన్ చేయండి. ఇంటర్‌చేంజ్, నెట్‌వర్క్ వాటా పోను మీ లాభం ఎంత అని అడగండి. ఈ ప్రశ్న వినగానే అవతలి గొంతు కాస్త మారుతుంది, ఇది తెలిసి అడిగే షాపువాళ్లు తక్కువ. తర్వాత నెలవారీ చార్జీ ఎత్తేయమని, బిల్లుకింత తగ్గించమని అడగండి. వేరే కంపెనీ రాతపూర్వకంగా ఇచ్చిన రేటు చేతిలో ఉంటే సగం పని అయినట్టే. మొదట ఫోన్ ఎత్తినవాళ్లకి తగ్గించే అధికారం ఉండదు, ఒప్పందం రద్దు చేసుకునే విభాగానికి కలపండి అంటే ఉన్నవాళ్లు వస్తారు.

నేను చూసినంతలో నెలవారీ చార్జీలు తొందరగా వదులుకుంటారు, శాతం దగ్గర మాత్రం గీచి గీచి ఇస్తారు. ఒప్పుకున్నది మెయిల్‌లో రాయమనండి, ఎప్పటి నుంచి అమలో తేదీతో సహా. తర్వాతి నెల స్టేట్‌మెంట్ రాగానే ఆ గీత దగ్గర కొత్త అంకె పడిందో లేదో చూడండి, పడకపోతే ఆ మెయిల్‌కే జవాబు కొట్టండి.